మిరపకాయల పరీక్షయందు గాజు గొట్టము

మిరపకాయలలో పురుగుమందుల అవశేషములు ఎంత యున్నవో పరీక్షించి యిచ్చు కాగితములు నేడు మన గ్రామములకు కొత్త కావు. ఎగుమతి వర్తకుడు ధర చెప్పుటకు ముందు ఆ కాగితమునే యడుగుచున్నాడు. రంగును, తొడిమను, తేమను చూచి బేరమాడుట పూర్వమునుండి యున్న వాడుక. ఇప్పుడు కంటికి కానరాని దానిని గూడ చూడవలసి వచ్చినది. ఆ కాగితములో మందు పేరును, దాని కెదురుగా ఒక చిన్న అంకెయు ఉండును. ఆ అంకె యెక్కడినుండి వచ్చినది, దాని నెంతవరకు నమ్మవచ్చును, యంత్రము పొరపడునా యని సభ్యులు మమ్ము తఱచుగా అడుగుచుందురు. యంత్రము లేని మందును తనంత తాను కల్పింపదు. కాని దాని లోపల నుండు గొట్టము కొంత మందును మ్రింగవచ్చును. ఒక మందును మఱియొక పదార్థముగా మార్చనువచ్చును. మ్రింగినచో దోషము గల సరకు నిర్దోషమని తేలి, ఓడ యెక్కి, పరదేశపు రేవులో పట్టుబడును. మార్చినచో రైతు చల్లని మందు పేరు అతని సరకుపై పడును. ఈ రెండు కీడులును తప్పించుటకై ఆ గొట్టమును గాజుతో చేయుట యేర్పడినది. గాజు అను మాట విని తేలికగా దీసివేయక, దాని పని యెట్టిదో సభ్యులు కొంచె మోపికతో తెలిసికొనవలెనని మా కోరిక.

ముందుగా కొలత యెంత సూక్ష్మమైనదో చూతము. ఐరోపా సమాఖ్యవారు, తాము ప్రత్యేకముగా హద్దు నిర్ణయింపని మందునకు, కిలోగ్రాము సరకునకు 0.01 మిల్లిగ్రామును హద్దుగా నుంచిరి. అనగా నూఱు టన్నుల సరకునకు ఒక్క గ్రాము. టిక్కీకి 40 కిలోల చొప్పున లెక్కింపగా 2,500 టిక్కీల మిరపకాయలయందు చిటికెడు ఉప్పంత మందు! ఇంత స్వల్పమైన దానిని పట్టుకొనవలసిన యంత్రములో, అందులో పదవవంతు గొట్టపు గోడ కంటుకొని పోయినను లెక్క తప్పును.

సహకార సంఘమునకు ఈ విషయము ఒంటరి రైతునకంటె ఎక్కువగా తగులును. మనము సరకును కలిపి అమ్ముదుము గదా. నూఱు టిక్కీలలో తొంబది నిర్దోషముగా నుండి, ఒక్క సభ్యుని పది టిక్కీలలో కిలోకు 0.2 మిల్లిగ్రాముల చొప్పున ఏదైన మందున్నదనుకొందము. అంతయు కలిపి పరీక్షింపగా కిలోకు 0.02 వచ్చును. అది పైని జెప్పిన హద్దునకు రెండింతలు. ఒకరి సరకువలన అందఱి సరకును నిలిచిపోవును. కావున ఆ అంకె సరియైనదా కాదా యనునది పరీక్షాలయపు సొంత వ్యవహారము మాత్రమే కాదు.

ఇక పరీక్ష జరుగు విధము. ఒక సుద్దముక్కను దీసికొని, దాని అడుగునకు వ్రేలి వెడల్పు పైన నల్లని స్కెచ్ పెన్నుతో ఒక చుక్క పెట్టి, పళ్లెములో కొంచెము నీరు పోసి దానిలో నిలువుగా నుంచుడు. నీరు చుక్కకు అందరాదు. నీరు సుద్దలో పైకి ప్రాకుకొలది చుక్క విడిపోయి ఒక రంగు ముందుగను, ఒకటి వెనుకగను నిలుచును. ఒక్క నలుపని మన మనుకొన్నది నిజమునకు రెండు మూడు రంగుల కలయిక. పిల్లలు దీనిని చూచి మిక్కిలి సంతోషింతురు. మా ప్రదర్శనలలో పెద్దలును వంగి చూచుట కలదు. ఈ విద్యకు మూలపురుషుడు మిఖాయిల్ త్స్వెట్ అను రష్యా దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు. ఆయన 1903వ సంవత్సరమున వార్సా నగరములో దీనిని గూర్చి యుపన్యసించెను. గాజు గొట్టములో సుద్దపొడి దట్టించి, ఆకుల రసమును పైనుండి పోసి, ఆకుపచ్చను పసుపును వేఱు వేఱు పట్టెలుగా విడదీసెను. 1906లో దానికి క్రొమటోగ్రఫీ యని పేరు పెట్టెను. గ్రీకు భాషలో దానికి రంగుల వ్రాత యని యర్థము. త్స్వెట్ అను మాటకును రష్యా భాషలో రంగనియే యర్థ మగుట వింత. మొదటినాటినుండియు ఈ విద్యకు పాత్ర గాజు గొట్టమే యని సభ్యులు గమనింతురు గాక.

త్స్వెట్ పైనుండి ద్రవమును పోసెను. ద్రవమునకు బదులు వాయువును నడపినను పని జరుగునని ఆర్చర్ మార్టిన్, రిచర్డ్ సింజ్ అను ఆంగ్లేయులు 1941లో వ్రాసిరి గాని, పది సంవత్సరములవఱకు ఎవ్వరును ఆ మాట పట్టించుకొనలేదు. చివరకు మార్టినే, జేమ్స్ అను మఱియొక శాస్త్రజ్ఞునితో గూడి, దానిని చేసి చూపి 1952లో ప్రకటించెను. మార్టినునకును సింజునకును వారి పూర్వపు కృషికై ఆ సంవత్సరమే నోబెల్ బహుమాన మీయబడినది. వాయువుతో నడుచు ఈ పద్ధతికి గ్యాస్ క్రొమటోగ్రఫీ యని పేరు.

ఇందులో గొట్టమును స్తంభమని యందురు గాని, అది నిలువుగా నుండు కంబము కాదు. సుమారు ఆఱడుగుల పొడవు గల సన్నని గాజు గొట్టమును కొలిమిలో వేడిచేసి చుట్టగా చుట్టుదురు. లోపలి వ్యాసము రెండు మొదలు నాలుగు మిల్లిమీటర్లు. దానిలో మిక్కిలి మెత్తని యొక విధమైన మట్టి రవ్వను నింపుదురు. ఈ మట్టి పూర్వము నీటిలో బ్రతికిన సూక్ష్మమైన నాచుజీవుల గుల్లలు అడుగున పేరుకొని యేర్పడినది. రవ్వ రవ్వయందును సందులే. ఆ రవ్వకు వేడికి ఆవిరి గాని చిక్కని నూనెవంటి పదార్థమును పలుచగా పూసి యుందురు. గొట్టము నంతయు పొయ్యివంటి పెట్టెలో నుంచి, సుమారు 200 డిగ్రీల వేడిమిలో, నత్రజని వాయువును లోనికి నడుపుదురు. మిరపకాయల పొడినుండి ద్రావకములోనికి దీసి వడగట్టి శుభ్రపఱచిన రసమును, మిల్లిలీటరులో వేయవవంతు, రెండు వేయవవంతులు మాత్రము సూదితో గొట్టము నోటిలో విడుతురు. అది వెంటనే ఆవిరియగును.

తరువాత జరుగునది తిరునాళ్ళవంటిది. పదిమంది యొక్కసారిగా అంగళ్ల వీధిలో ప్రవేశింతురు. ఒకడు ఎక్కడను నిలువక నేరుగా అవతలికి పోవును. ఒకడు మిఠాయి అంగడియొద్ద మాత్రము నిలుచును. మఱియొకడు ప్రతి యంగడియొద్దను నిలిచి బేరమాడి పొద్దు గ్రుంకువేళకు వెలువడును. నత్రజని అందఱిని ముందునకు త్రోయు జనప్రవాహము. నూనె పూసిన రవ్వలు అంగళ్లు. నూనెయందు ఎక్కువగా కరగు మందు ఎక్కువసేపు నిలుచును. అందుచేత ఒక్కటిగా లోనికి బోయిన మందులు వేఱు వేఱు నిమిషములలో అవతలి ద్వారమునుండి బయటపడును. ఏ మందు ఎన్నవ నిమిషమున వచ్చునో ముందుగా శుద్ధమైన మందును పంపి వ్రాసికొని యుందురు. ద్వారమునొద్ద కాపుగా గుర్తించు సాధన మొకటి యుండును. జేమ్స్ లవ్‌లాక్ అను ఆంగ్లేయుడు 1957లో కనిపెట్టిన సాధనము క్లోరిను గల మందులను అత్యల్ప పరిమాణములో గూడ పట్టగలిగినది. దానివలననే డి.డి.టి. మొదలగునవి లోకమంతటను ఎట్లు వ్యాపించినవో మొదటిసారి తేటపడినది.

వీధి సవ్యముగా నున్నంతవఱకు ఈ లెక్క సరిగా నుండును. వీధి గోడలే మనుష్యులను పట్టుకొన్నచో?

గొట్టమును ఉక్కుతోనో రాగితోనో చేయవచ్చును గదా, పగులదు, చవుక, వంచుట సులభము అని యడుగవచ్చును. పెట్రోలియము నూనెలు, సాధారణ వాయువులు పరీక్షించుటకు లోహపు గొట్టము చాలును; దానిని మేము నిందింపము. పురుగుమందుల సంగతి వేఱు. వేడెక్కిన లోహము తగిలినప్పుడు వానిలో కొన్ని విఱిగిపోవును. డి.డి.టి. యందలి క్లోరినులో కొంత యూడిపోయి, డి.డి.ఇ. యనియు, డి.డి.డి. యనియు రెండు పదార్థములు పుట్టును. ఎండ్రిను అను మందు తన లోపలి కట్టడము మార్చుకొని వేఱు రూపములు పొందును. ఇందులో చిక్కేమనగా, డి.డి.టి. చల్లిన నేలలో సూక్ష్మజీవులును ఎండయు కాలక్రమమున చేయు పనియు ఇదియే. పొలములో పుట్టినను, యంత్రములో పుట్టినను డి.డి.ఇ. ఒక్కటే. పరీక్షకునికి డి.డి.ఇ. కనబడినచో అది తాతలనాడు చల్లిన మందు నేలలో నిలిచి పైరునకు వచ్చినదో, నిన్నమొన్న దొంగతనముగా చల్లిన డి.డి.టి. గొట్టములో విఱిగినదో చెప్పుట యెట్లు? మన దేశమున వ్యవసాయమునందు డి.డి.టి. వాడుక 1989లోనే నిషేధింపబడినను, దాని శేషములు నేలలో దశాబ్దములు నిలుచును. ఒక రైతు నిషిద్ధమైన మందు వాడినాడా లేదా యను ప్రశ్న ఆ రెండు పేర్ల నిష్పత్తిమీద ఆధారపడి యుండును. ఆ నిష్పత్తిని గొట్టమే మార్చివేసినచో న్యాయ మెక్కడిది? అమెరికా పర్యావరణ రక్షణ సంస్థవారు క్లోరిను మందుల పరీక్షకు ఏర్పఱచిన 608 సంఖ్య గల పద్ధతిలో 1.8 మీటర్ల పొడవు, 4 మిల్లిమీటర్ల లోపలి వ్యాసము గల గాజు గొట్టమును ప్రత్యేకించి చెప్పుట ఊరక కాదు. సూదిని గూడ నేరుగా గాజు నోటిలోనికే దింపుదురు. మందు ఎక్కడను వేడి లోహమును తాకరాదు.

అయితే గాజు సంపూర్ణముగా నిర్దోషమా? కాదు. ఇచ్చటనే మనవారు ఎక్కువగా శ్రద్ధ వహింపవలసి యున్నది. కొత్త మట్టికుండలో నేయి పోసి మఱునాడు కొలిచినచో తగ్గి యుండునని గృహిణు లెఱుగుదురు. కొంత నేతిని కుండయే త్రాగినది. గాజు నున్నగా కనబడినను దాని చర్మముమీద కంటికి కానరాని పట్లు కలవు. రసాయనశాస్త్రములో వానిని సైలనాల్ గుంపు లందురు. నీటిని పట్టుకొను స్వభావము వానిది. అసిఫేటు, డైమిథోయేటు, మోనోక్రోటోఫాసు వంటి భాస్వర సంబంధమైన మందులకు నీటితో పొత్తు మెండు. అవి ఆ పట్లకు చిక్కుకొని, కొన్ని బయటకు రానే రావు; కొన్ని ఆలస్యముగా తోకవలె సాగుచు వచ్చును. తోకను కొలుచుట కష్టము. కావున నగ్నమైన గాజు మందును విఱువకున్నను మ్రింగును.

కుండను గంజితోనో నూనెతోనో కాచి పదను చేసినట్లే గాజునకును ఒక పదను చేయవలెను. గొట్టమును సబ్బునీటితోను, ఆమ్లముతోను, పిమ్మట స్వచ్ఛమైన నీటితోను కడిగి, తేమ లేకుండ ఆఱబెట్టి, టొలీను అను ద్రావకములో డైమిథైల్ డైక్లోరో సైలేను అను ద్రవమును కొంచెము కలిపి నింపి కొంతసేపు నిలుపుదురు. ఆ ద్రవము గాజుమీది పట్ల కన్నింటికి తొడుగు తొడిగినట్లు అంటుకొనును. తరువాత టొలీనుతో కడిగి, ఆపైని మిథైల్ ఆల్కహాలుతో కడిగి, నత్రజని యూది ఆఱబెట్టుదురు. ఈ రెండవ కడుగుడు మానరాదు. అంటుకొనిన ద్రవములో మిగిలిన క్లోరినును అదియే తొలగించును. పదను సరిగా పట్టిన గాజుపై నీటిబొట్టు తామరాకుమీద వలె గుండ్రముగా నిలుచును. ఆ ద్రవము తేమ తగిలినచో ఘాటైన ఆమ్లపు పొగ విడుచును గనుక, పొగను వెలుపలికి లాగు గూటిలోనే ఈ పని చేయవలెను. నోటిలో క్రుక్కు గాజుదూదికిని, లోపలి మట్టి రవ్వకును గూడ ఇదే పదను అవసరము. గొట్టమునకు చేసి దూదికి మానినచో తలుపు మూసి కిటికీ తెఱచినట్లే.

రవ్వను నింపుటయు ఒక నేర్పు. ఒక కొనలో దూది పెట్టి, ఆ కొననుండి గాలిని లాగుచు, రెండవ కొనలో గరాటుతో కొంచెము కొంచెముగా రవ్వను పోసి, పెన్సిలుకఱ్ఱతో మెల్లగా తట్టుదురు. ఎడము మిగిలినచో మందులు అక్కడ మఱల కలిసిపోవును. గట్టిగా కొట్టినచో రవ్వ చితికి, పదను లేని కొత్త ముఖములు బయటపడును. పడిన శ్రమ వ్యర్థమగును. బియ్యపు మరలో నూక ఎక్కువైనట్లు నలిగిన పొడి వాయువు దారిని గూడ మూయును. నింపిన పిమ్మట నత్రజనిని నడుపుచు ఒక రాత్రి యంతయు పొయ్యిలో కాచి అదనపు నూనెను వెడలగొట్టుదురు. ఆ రాత్రి అవతలి కొనను గుర్తించు సాధనమునకు తగిలింపరు. తగిలించినచో వచ్చిన మురికి యంతయు దానిలో పేరుకొనును. వాయువు నడువకముందు పొయ్యి వెలిగింపరాదు. గాలిలోని ప్రాణవాయువు తగిలి పూత మాడిపోవును.

గాజునకు మఱియొక గుణము కలదు. లోపల జరిగినది కంటికి కానవచ్చును. రవ్వలో బీట పడినను, నోటియొద్ద దూది నల్లబడినను చూచి తెలిసికొనవచ్చును. ఉక్కు గొట్టములో ఇట్టి దేమి జరిగినను మూసిన పాతఱయే. మిరపకాయల విషయములో ఈ నలుపు త్వరగా వచ్చును. మిరపలోని నూనెయు ఎఱ్ఱని రంగును ఎంత వడగట్టినను కొంత మిగిలి, గొట్టము నోటియొద్ద మాడి అంటుకొనును. అట్లు మాడిన మసి డి.డి.టి.ని విఱుచుటలో లోహమునకు తీసిపోదు. కావున ఉదయమున సరిగా నున్న గొట్టము నలువది నమూనాల తరువాత సాయంకాలమునకు చెడవచ్చును. దీనిని కనిపెట్టుటకు ఉపాయ మున్నది. శుద్ధమైన డి.డి.టి.ని, ఎండ్రినును లోనికి పంపి, విఱిగిన రూపములలో ఎంత బయటకు వచ్చునో చూతురు. పైని జెప్పిన అమెరికా సంస్థవారి 8081 సంఖ్య గల పద్ధతిలో ఒక్కొక్కటి నూటికి 15 పాళ్లకు మించి విఱుగరాదని నియమము. మించినచో పని యాపి, నోటియందలి గాజును మార్చి, దూదిని మార్చి, మఱల చూడవలెను.

ఇప్పుడు రైతునకు నష్టము కలిగించు ఒక సూక్ష్మమును చెప్పవలసి యున్నది. కొత్త కుండ నేయి త్రాగునని జెప్పితిమి గదా. పరీక్షకుడు కొలతకు పోల్చి చూచుకొనుటకై శుద్ధమైన మందును శుద్ధమైన ద్రావకములో కలిపి పంపినాడనుకొనుడు. గాజుమీద మిగిలిన పట్లు ఆ మందులో కొంత త్రాగును. బయటకు వచ్చిన కొంచెమునే పూర్తి కొలతగా అతడు వ్రాసికొనును. తరువాత మిరప రసమును పంపును. దానిలోని నూనె, రంగు మొదలైనవి ముందుగా పోయి ఆ పట్లను నింపివేయును. త్రాగుటకు ఖాళీ లేనందున మందంతయు బయటకు వచ్చును. ఫలితముగా మిరపలోని మందు ఉన్నదానికంటె ఎక్కువగా నున్నట్లు లెక్క తేలును. హద్దునకు లోపల నున్న సరకు హద్దు దాటినట్లు కనబడును. దీనికి ప్రతిక్రియ, పోల్చు మందును గూడ మందు చల్లని మిరపకాయల రసములోనే కలిపి పంపుట. అప్పుడు రెంటికిని కుండ ఒకటే యగును. పరీక్షాలయము శ్రద్ధ గలదా కాదా యని తెలిసికొనుటకు ఈ యొక్క ప్రశ్న చాలునని మా యభిప్రాయము.

రవ్వ నింపిన గాజు గొట్టములు సుమారు మూడు దశాబ్దములు పురుగుమందుల పరీక్షను నడిపినవి. వానికి మాఱుగా వచ్చినవియు గాజు జాతివే. మార్సెల్ గోలే యను నతడు 1957లో రవ్వ నింపుట మాని, వెండ్రుకవంటి సన్నని గొట్టపు గోడకే నూనె పూత పూసి, దారిని తెఱచి యుంచవచ్చునని చూపెను. గొట్టము పొడవైనను వాయువునకు అడ్డు తక్కువ. 1960లో డెస్టీ యను ఆంగ్లేయుడు లావుపాటి గాజు గొట్టమును కొలిమిలో కరగించి రాట్నమునకు దారము వలె లాగి, సన్ననిదానిని చుట్టలుగా చుట్టు యంత్రమును కట్టెను. కాని ఆ గాజు చుట్టలు ముట్టుకొన్న విఱుగుచుండెను. 1979లో అమెరికాలో డాండెనో, జెరెన్నర్ అను వారు మిక్కిలి శుద్ధమైన ఇసుక గాజుతో చేసిన సన్నని గొట్టమును తెచ్చిరి. పైన ఒక విధమైన గోధుమరంగు పూత యుండుటచే అది తీగవలె వంగును. సాధారణ గాజులో కలిసి యుండు లోహపు లవణములు దీనిలో లేనందున మందులను పట్టుకొనుటయు తక్కువ. నేడు మందుల అవశేషములను పరీక్షించు పరీక్షాలయములలో సాధారణముగా నుండునది ఇదియే. 30 మీటర్ల పొడవు, మిల్లిమీటరులో నాలుగవవంతు లోపలి వ్యాసము గలది వాడుకలో నున్నది. నోటియొద్ద నుండు చిన్న గాజు తొడుగునకును, దాని దూదికిని పాత పదనే కావలెను, డి.డి.టి. విఱుగుడు పరీక్షయు పాతదే. భాస్వరపు మందులలో మొండివైన కొన్నిటిని వేడి తగులని ద్రవపద్ధతికి మార్చివేసిరి. అది మంచి పని.

ఒక నిమిషమున ఒక గుర్తు కనబడినంత మాత్రమున మందు పేరు స్థిరమైనట్లు కాదు. అదే నిమిషమున వేఱొక పదార్థమును వెలువడవచ్చును. మిరపలో సహజముగా నుండు పదార్థములు వందల సంఖ్యలో నున్నవి. పూర్వము వేఱొక పూత గల రెండవ గొట్టములో మఱల పంపి, అక్కడను ఆ మందునకు తగిన నిమిషముననే వచ్చిన గాని నమ్మెడివారు కారు. నేడు అణువులను తునకలు చేసి వాని బరువులను చూచు సాధనమును ద్వారమునొద్ద నుంచుచున్నారు. ఏ రీతినైనను రెండవ సాక్ష్యము లేని కాగితముపై ఒక సభ్యుని దోషిగా నెంచరాదు.

గుంటూరున సుగంధ ద్రవ్యముల బోర్డువారి నాణ్యత పరీక్షాలయము కలదు. ప్రైవేటు పరీక్షాలయములును పెక్కు గలవు. ఎచ్చట చేయించినను సంఘ కార్యదర్శి కాగితములో చూడవలసినది ముఖ్యముగా ఒకటి. మందు పేరున కెదురుగా బి.ఎల్.క్యు. అని యుండును. దీనిని మనవారు మందు లేదని చదువుచున్నారు. అది అట్లు కాదు. తాము నిశ్చయముగా కొలువగల హద్దునకు తక్కువగా నున్నదని మాత్రమే దాని యర్థము. ఆ కొలువగల హద్దు ఎంతయో ప్రక్కన వ్రాసి యుండవలెను. కొనువాని దేశపు హద్దు 0.01 అయి, పరీక్షాలయము కొలువగలది 0.05 అయినచో, ఆ బి.ఎల్.క్యు. కాగితము ఎగుమతికి చిత్తుకాగితముతో సమానము. వడ్ల తూనికకు వాడు కాటాతో బంగారము తూచినట్లుండును.

పోల్చు మందును మిరప రసములో కలిపినారా, ఆ దినమున విఱుగుడు పరీక్ష జరిగినదా, రెండవ సాక్ష్యము దేనివలన తీసికొనిరి అని వ్రాతమూలముగా నడుగుట తప్పు కాదు. సొమ్ము చెల్లించువారము మనము. సమాధాన మీయని చోటికి మఱల పోవలసిన పని లేదు.

ఎంత చక్కని గాజు గొట్టమైనను సరిగా తీయని నమూనాను బాగుచేయదు. పై టిక్కీలో చేయి పెట్టి గుప్పెడు తీసిన కాయలు ఆ గుప్పెటిని గూర్చియే చెప్పును. లాటులోని అనేక టిక్కీలనుండి, పైన నడుమ అడుగున గూడ కొంచెము కొంచెము తీసి, శుభ్రమైన గుడ్డపై పోసి, బాగుగా కలిపి, కుప్పను నాలుగు భాగములు చేసి, ఎదురెదురు రెండు భాగములను తీసివేసి, మిగిలినదానిని మఱల కలిపి మఱల నాలుగు చేయుచు, కావలసినంతకు తగ్గించుకొనవలెను. మందు డబ్బాలు పట్టిన చేతితో గాని, మందు చల్లిన బట్టలతో గాని ఈ పని చేయరాదు. మందు డబ్బాలుండు గదిలో చేయుట అసలే కూడదు.

నమూనాను ప్లాస్టిక్ సంచిలో పంపుట మన వాడుక. ప్లాస్టిక్కును మెత్తన చేయుటకు కలుపు థాలేటులను పదార్థములు ఎండిన మిరపకాయల నూనెలోనికి దిగి, గొట్టములోనికి బోయి, క్లోరిను మందుల నడుమ తమ గుర్తులను గూడ చూపును. కావున వెడల్పు మూతి గల గాజు సీసాను కడిగి యెండబెట్టి, మూతక్రింద అల్యూమినియపు రేకు వేసి పంపుట మేలు. ఒక్కొక లాటునకు ఇట్టి సీసాలు రెండు నింపవలెను. ఒకటి పరీక్షాలయమునకు. రెండవదానికి సంఘపు ముద్ర వేసి, లాటు సంఖ్యను, సభ్యుల పేర్లను, తేదీని వ్రాసి, వెలుతురు తగులని చల్లని చోట, సరకు కొన్నవాడు సొమ్ము పూర్తిగా చెల్లించువఱకు భద్రపఱచవలెను. తగవు వచ్చినప్పుడు మఱియొక పరీక్షాలయమునకు పంపుటకు మన చేతిలో నుండునది ఆ రెండవ సీసాయే.